మిలిటరీ జిప్సీ కొందామా, మానుదామా?



"పాస్టరుగారు కారు కొంటున్నారట!" అనే మాట ఒక సంఘములో పుట్టిందంటే అది ఎంత వేగముగా పరుగెత్తుతుందో మీకు మేము చెప్పనవసరము లేదు. బండి ఇంకా అమ్మేవాని షెడ్డులో ఉండగానే మాట మూడు ఊళ్ళు తిరిగి వచ్చేస్తుంది. మా విషయములో అది కారు కూడ కాదు. మిలిటరీవారు వాడి వేలములో అమ్మివేసిన పాత జిప్సీ. దానిని కొనవలెనా, మానవలెనా అని 2025 ఆరంభములో రెండు నెలలపాటు మా ఇంటిలోను, సంఘములోను జరిగిన తర్జనభర్జన ఇది. పల్లె సంఘములలో ఎక్కడో ఒకచోట ఇలాంటి ప్రశ్న రాకపోదు గనుక ఉన్నది ఉన్నట్టుగా వ్రాస్తున్నాము. ఇందులో మాకు సిగ్గు కలిగించే సంగతి కూడ ఒకటి ఉన్నది. దానిని దాచితే మిగిలినదంతా వ్రాసి ప్రయోజనము లేదు.

మేము ఏలూరులో అద్దె ఇంటిలో ఉంటున్నాము. పిల్లల చదువులు అక్కడే. పరిచర్య మాత్రము ఎక్కువ భాగము కొల్లేటి లంకలలో. మూడు లంక గ్రామములలో మూడు చిన్న సంఘములు. అన్నీ కలిపి నూటపది కుటుంబములు. చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేవారు, వలలు వేసేవారు, రొయ్యల షెడ్డులలో తలలు తీసే పనికి పోయే స్త్రీలు. పదునాలుగేళ్ళుగా మా వాహనము ఒక స్ప్లెండరు. ముందు ట్యాంకు మీద బైబిలు సంచి, వెనుక మా సహధర్మచారిణి, ఆమె ఒడిలో ప్రభు బల్ల సామాను. ఈ విధముగా ఎన్ని ఆదివారములు ఆ గట్ల మీద ప్రయాణము చేశామో ప్రభువుకే తెలుసు.

కొల్లేరు చూడని పాఠకులకు రెండు మాటలు చెప్పవలెను. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెములాగా పల్లముగా ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు వచ్చి దీనిలో పడతాయి. నీరు సముద్రానికి పోవుటకు మాత్రము ఉప్పుటేరు ఒక్కటే దారి. అది సుమారు అరవై కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతములో కలుస్తుంది. వచ్చే ద్వారములు అనేకము, పోయే ద్వారము ఒకటి. అందుచేత పైన వరద రెండు రోజులలో దాటిపోయినా కొల్లేటిలో అది వారము, పది రోజులు కూర్చుంటుంది. లంకలలోకి పోయే దారులు చాలామటుకు చేపల చెరువుల గట్లే. నల్ల బంకమట్టి. ఎండితే రాయి, తడిస్తే సబ్బు.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపట్ల కాలనీలు మునిగిన సంగతి మీకు జ్ఞాపకము ఉండే ఉంటుంది. ఆ నీరంతా దిగేది మా కొల్లేటిలోకే. విజయవాడలో నీరు తగ్గుతున్నదని టీవీలో చెప్పే రోజులకు మాకు పెరుగుట మొదలైనది. ఏలూరు - కైకలూరు రోడ్డు మీద చిన్న ఎడ్లగాడి దగ్గర నీరు పారి రాకపోకలు ఆపివేశారు.

ఆ రోజులలోనే మా మూడవ సంఘములో ఒక మామ్మగారు ప్రభునందు నిద్రించారు. ఎనభై దాటిన మనిషి. మేము ఆ లంకకు మొదట వెళ్ళిన దినములలో అక్కడ మందిరము లేదు. ఆమె వాకిటిలోనే చాప పరచి ఆరాధన చేసుకొనేవారము. "నన్ను మట్టిలో పెట్టేటప్పుడు మీరే ప్రార్థన చెయ్యాలండి అయ్యగారూ, ఇంకెవరూ వద్దండి" అని మా చేత మాట తీసుకున్నారు, ఒకసారి కాదు, కనీసము పదిసార్లు.

తెల్లవారి ఆరు గంటలకు ఫోను వచ్చింది. వెంటనే బయలుదేరితే కైకలూరు రోడ్డులో పోలీసులు మమ్మును త్రిప్పి పంపారు. వెనుకకు వచ్చి, హైవే మీద భీమడోలు వెళ్ళి అటునుండి దిగవచ్చునేమో అని చూశాము. అటు కూడ గట్టు మునిగినది. ట్రాక్టరు వస్తుందన్నారు, రాలేదు. ఊరి శ్మశానము నీటిలో ఉన్నదట. ఎత్తుగా ఉన్న గట్టు ఒకటి చూసి, ఇక ఉంచలేక, మధ్యాహ్నమునకు భూస్థాపన చేయుటకు నిశ్చయించారు. సంఘపెద్ద తన ఫోను స్పీకరులో పెట్టారు. మేము భీమడోలు రైల్వే గేటు దగ్గర ఒక టీ కొట్టు రేకుల క్రింద నిలువబడి, కళ్ళు మూసుకొని, ఫోనులోనే సమాధి ప్రార్థన చేశాము. మధ్యలో గూడ్సు బండి వచ్చింది. తరువాత సిగ్నలు పోయింది. ఎంతవరకు వినబడినదో మేము అడుగలేదు, వారు చెప్పలేదు.

ఆ తరువాత వచ్చిన సంఘ కూటములో యౌవనస్థులు లేచి, ఇక అయ్యగారికి ఎక్కడికైనా పోగలిగిన బండి ఉండవలసిందే అన్నారు. నాలుగు చక్రములకూ బలముండే బండి. మేము వద్దనలేదు. నిజము చెప్పవలెనంటే ఆ మాట కొరకే కనిపెట్టుకొని ఉన్నట్టు మా హృదయము ఎగిరింది. వాహన నిధి అని ఒక పెట్టె పెట్టారు. జనవరి ఆఖరుకు అందులో రు.1,85,000 పోగైనది. రొయ్యల షెడ్డులో పని చేసే ఒక విధవరాలైన సహోదరి రెండు వేల రూపాయలు తెచ్చి మా చేతిలో పెట్టారు. ఐసులో నాని నాని ఆమె వ్రేళ్ళ చివరలు తెల్లగా ముడుతలు పడి ఉన్నవి. "మామ్మగారికి జరిగినట్టు మా అత్తకి జరగకూడదండి" అన్నారామె.

జీపు అంటే మాకు చిన్ననాటి నుండి ఒక మోజు. జీపు పుట్టినదే సైన్యము కొరకు. 1941 నాటికి అమెరికాలో అది పెద్ద ఎత్తున తయారైనది. యుద్ధము ముగిసిన తరువాత 1947లో మహీంద్రావారు విడిభాగములు తెప్పించి బొంబాయిలో బిగించుట ఆరంభించారు. అప్పటినుండి మన పల్లెలలో తహసీల్దారు వచ్చినా, ఎన్నికలు వచ్చినా, టీకాలు వేసేవారు వచ్చినా వచ్చేది జీపే. అంతకుముందు పరిచర్య చేసినవారి మాట చెప్పనక్కరలేదు. 1854లో ఏలూరులో సి.ఎం.ఎస్. మిషను పని ప్రారంభించిన కాలములో ఎద్దుబండి, పడవ, కాళ్ళు ఇవే వాహనములు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు కూడ ఎద్దుబండి మీదనే పల్లెలు తిరిగినవారు. ఇవన్నీ ప్రసంగములో చెప్పుటకు బాగుంటాయి. వానలో తడిసి ముద్దై స్ప్లెండరు నెట్టుకొంటూ పోయేటప్పుడు మాత్రము మా మనస్సు అజరయ్యగారి ఎద్దుబండి మీద కాక, ప్రక్కనుండి బురద చిమ్ముకొంటూ పోయే బొలేరో మీద ఉండేదని ఒప్పుకొంటున్నాము.

కొత్త బండి మా తాహతుకు మించినది. తాడేపల్లిగూడెములో మిలిటరీ బండ్లు అమ్మే వ్యాపారి ఒకరు ఉన్నారని ఎవరో చెప్పారు. గూడెమంటే ఉల్లిపాయల మార్కెట్టుకు పేరు గదా. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో వేసిన విమానాల రన్‌వే కూడ అక్కడ ఉన్నది. ఆ మండలములోనే మాధవరము ఉన్నది. దానిని అందరూ మిలిటరీ మాధవరము అంటారు. తరతరాలుగా ఇంటింటి నుండి సైన్యములో చేరిన ఊరు. మా సంఘములోని ఒక సహోదరునికి బావగారు ఆ ఊరివారే. సైన్యములో ఇ.ఎం.ఇ. అనే మరమ్మతుల విభాగములో పనిచేసి హవల్దారుగా రిటైరైనారు. "కొనేముందు మా బావగారికి ఒకసారి చూపించండి" అన్నాడు సహోదరుడు. ఫిబ్రవరిలో ఒక సోమవారము మేము, మా సంఘపెద్ద రైలు ఎక్కి గూడెములో దిగేసరికి హవల్దారుగారు స్టేషను బయట చేతిసంచితో నిలువబడి ఉన్నారు. సంచిలో ఒక చిన్న సుత్తి, టార్చి లైటు, పాత గుడ్డ. అంతే.

వ్యాపారి మొదట మాకు జోంగా చూపించాడు. 1969 నుండి 1999 వరకు జబల్‌పూరులో సైన్యము కొరకు తయారైన బండి అది. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, దాదాపు నాలుగు లీటర్ల పరిమాణము. ఏనుగులాగా ఉన్నది. దీని పెట్రోలు ఇంజను తీసివేసి లారీ డీజిలు ఇంజను పెట్టించాననీ, ఇక ఖర్చే ఉండదనీ వ్యాపారి చెప్పాడు. హవల్దారుగారు దాని దగ్గరకే పోలేదు. ఇంజను మార్చితే మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రవాణా శాఖవారి అనుమతి కావలెను, రిజిస్ట్రేషను కార్డులో ఎక్కవలెను. తయారు చేసినవాడు ఇచ్చిన రూపమునకు విరుద్ధముగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ చెప్పినది. కార్డులో చూస్తే పెట్రోలు అనే ఉన్నది. "దీన్ని వదిలెయ్యండి పాస్టరుగారండీ. గుద్దితే ఇన్సూరెన్సు కూడా రాదు" అన్నారాయన.

అప్పుడు జిప్సీ వంతు వచ్చింది. మారుతీవారు 1985లో తెచ్చిన బండి. తరువాత సైన్యము వేలకొలదిగా కొన్నది. సాధారణ ప్రజలకు అమ్ముట 2019 నాటికి ఆగిపోయింది గాని సైన్యములో పాతబడినవి వేలములో బయటికి వస్తూ ఉంటాయి. మేము చూసినది 1300 సి.సి. పెట్రోలు బండి. గుడ్డ కప్పు, వెనుక ఎదురెదురు బల్లలు. ఆ బల్లలు చూడగానే ఇటు ముగ్గురు, అటు ముగ్గురు స్త్రీల సమాజమువారు కూర్చుని పాటలు పాడుతూ కూటములకు పోతున్నట్టు మాకు కనబడినది. వ్యాపారి రు.2,60,000 చెప్పాడు.

హవల్దారుగారు గుడ్డ నేల మీద పరచి బండి క్రింద దూరారు. ఛాసిస్ పొడవునా సుత్తితో మెల్లగా కొట్టి చెవి పెట్టి విన్నారు. గట్టి ఇనుము ఒకలాగ, తుప్పు తిన్నది ఒకలాగ పలుకుతుందట. తరువాత బండిని షెడ్డు వెనుక బురదలో దింపి, రెండవ గేరు కర్ర వేసి చూశారు. జిప్సీకి రెండు గేరు కర్రలు. ముందు చక్రములకు కూడ బలమిచ్చేది ఆ రెండవది. నాలుగు చక్రములూ చక్కగా తిరిగి బండి బురదలోనుండి నవ్వుతూ బయటికి వచ్చింది. మాకు అక్కడే అడ్వాన్సు ఇచ్చివేయవలెనని అనిపించింది.

ఆయన మాత్రము బండి వెనుకకు పోయి, టార్చి వాల్చి పట్టుకొని, రంగు క్రింద ఏదో వెదుకుతున్నారు. కొంతసేపటికి మమ్మును పిలిచారు. క్రొత్త రంగు క్రింద పాత నంబరు ఉబ్బెత్తుగా లీలగా కనబడుతున్నది. మొదట పైకి చూసే బాణము గుర్తు, తరువాత 06. సైన్యపు బండ్ల నంబర్లు బాణముతో మొదలౌతాయి. ఆ వెంటనే వచ్చే రెండు అంకెలు బండిని తీసుకున్న సంవత్సరము. వ్యాపారి చూపిన కార్డులో తయారీ సంవత్సరము 2010 అని ఉన్నది. అడిగితే, "వెనక తలుపు వేరే బండిదేమోనండి" అన్నాడు. కావచ్చును, కాకపోవచ్చును. ఛాసిస్ మీద కొట్టిన నంబరును కార్డుతోను, సైన్యమువారు ఇచ్చిన అమ్మకపు కాగితముతోను సరిచూడనిదే చెప్పలేము. ఆ అమ్మకపు కాగితము మాత్రము షెడ్డులో లేదు.

ఇంకొక సంగతి. బండి ముదురు ఆకుపచ్చ మిలిటరీ రంగులోనే ఉన్నది. మా యౌవనస్థులకు బాగా నచ్చినది ఆ రంగే. కేంద్ర మోటారు వాహనముల నియమములలో 121వది ప్రకారము ఆ రంగు రక్షణశాఖ బండ్లకు తప్ప వేరెవరికీ ఉండరాదు. రిజిస్ట్రేషను వేరే రాష్ట్రముది. అక్కడినుండి ఎన్.ఓ.సి. తేవలెను, ఇక్కడ మరల జీవితకాలపు పన్ను కట్టవలెను. పదునైదేళ్ళు నిండిన కారుకు రిజిస్ట్రేషను పొడిగించే రుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి రు.5,000 చేశారు. పైగా 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదేళ్ళు నిండిన ప్రభుత్వ వాహనములను తుక్కుకే పంపవలెనని నియమము వచ్చింది. సైన్యము యుద్ధపనికి వాడే ప్రత్యేక వాహనములకు మినహాయింపు ఉన్నా, ఇలాంటి పాత బండ్ల కాగితములు ఇంకా జాగ్రత్తగా చూడవలసి ఉన్నది. ఇవన్నీ వ్యాపారి ముందు హవల్దారుగారు నెమ్మదిగా చెప్పుకుపోతుంటే ధర దిగుతూ వచ్చి రు.2,10,000 దగ్గర ఆగింది. ఇంత విన్న తరువాత కూడ మా కన్ను ఆ బల్లల మీదనే ఉన్నది.

ఇంటికి వచ్చి మా సహధర్మచారిణి ఎదుట లెక్క వేశాము. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూసుకోవలెనని మేమే ఎన్నిసార్లు బోధించలేదు! మూడు సంఘములకు వారానికి తిరిగేది సుమారు 210 కిలోమీటర్లు. జిప్సీ లీటరుకు తొమ్మిదో పదో ఇస్తుంది. పెట్రోలు లీటరు నూటపది రూపాయలకు దగ్గరగా ఉన్న రోజులు. నెలకు పదివేలు. స్ప్లెండరుకైతే అదే దూరము పదహారు, పదిహేడు వందలతో పోతుంది. మూడు సంఘముల కానుకలు, మా జీతముతో సహా, నెలకు పదహారు వేలు దాటవు. ఆమె పెన్సిలు క్రింద పెట్టి, "కొన్నాక ఎక్కడికీ పోకుండా ఇంటి ముందు పెట్టుకుంటే సరిపోతుంది" అన్నారు.

అయినను ఆ లెక్క మమ్మును ఆపలేదు. లెక్కకు మించిన అవసరము ఉన్నదని మా వాదన. రాత్రివేళ పాము కరిస్తే? పురుటి నొప్పులు వస్తే? 108 బండి రోడ్డు ఉన్నంతవరకే గదా వచ్చేది? వాదన తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదనే అంటాము. పదివేలు అడ్వాన్సు ఇచ్చి, ఒక రోజు నడిపి చూసుకొనుటకు వ్యాపారిని ఒప్పించి, హవల్దారుగారిని నడపమని బ్రతిమాలి, ఒక శనివారము జిప్సీని మా మూడవ లంకకు తీసికొని వెళ్ళాము.

ఊరంతా పండుగే. పిల్లలు వెంట పరుగెత్తారు. యౌవనస్థులు వంతులవారీగా ఎక్కి ఫోటోలు తీసుకున్నారు. హవల్దారుగారు మాత్రము దిగి, మందిరపు గోడ దగ్గరకు వెళ్ళి, వరద నీటి చార ఎంత ఎత్తున ఉన్నదో చూశారు. సున్నము మీద గోధుమరంగు గీత ఇంకా పోలేదు. దానికి తన నడుము ఆనించి కొలత పట్టుకొని, అలాగే నడిచి వచ్చి జిప్సీ ప్రక్కన నిలువబడ్డారు. గీత బండి హెడ్‌లైట్ల పైకి వచ్చింది.

"చక్రం సగం వరకు నీళ్ళంటే ఫరవాలేదండి. ఇంతొస్తే గాలి పీల్చే గొట్టంలోంచి ఇంజన్లోకి నీళ్ళు పోతాయి. ఇంక ఆ ఇంజను పనికిరాదు" అన్నారు. తరువాత గట్టు వైపు చూపించి, "ఇటు చెరువు, అటు చెరువు. గట్టు కనపడనప్పుడు నాలుగు చక్రాలూ తిరిగినా ఎక్కడికి తిరుగుతాయండీ?" అన్నారు. మేము పట్టు విడువక, మరి సైన్యమువారు వరదలలో ఎలా పోతారండీ అని అడిగాము. ఆయన కొంచెము నవ్వి, "అస్సాంలో వరద డ్యూటీకి వెళ్ళామండి. జిప్సీలు గట్టు మీద పెట్టేసి పడవలెక్కేవాళ్ళం" అన్నారు.

చుట్టూ ఉన్నవారు ఎవరూ మాటాడలేదు. మామ్మగారి కుమారుడు అక్కడే ఉన్నాడు. పడవ నడిపే మనిషి. ఆయన మమ్మును ఇంటిలోనికి పిలిచి టీ ఇచ్చాడు. మామ్మగారి మంచము గోడకు నిలబెట్టి ఉన్నది. ఆయన కోపముతో అనలేదు. కోపముతో అని ఉంటే మాకు ఏదో ఒక జవాబు దొరికేది.

"బండి మంచిదేనండి, కొనుక్కోండి. మా అమ్మ విషయంలో మాత్రం బాధపడకండయ్యగారూ. ముందు రోజు పొద్దున మీకు ఫోను చేసినప్పుడు రోడ్డు బాగానే ఉందండి. రేపొస్తామన్నారు కదండి. అమ్మకి అదే చెప్పాను, రేపొస్తారంట అని. సరే అందండి."

ప్రియులారా, మేము దాచదలచిన సంగతి ఇదే. ముందు రోజు ఫోను వచ్చిన మాట నిజము. మామ్మగారు గుర్తుపట్టుట లేదు, ఒకసారి వచ్చి ప్రార్థించండి అన్నారు. రోడ్డు తెరిచే ఉన్నది. వాన పడుతున్నది, క్రిందటి దినము తిరిగిన అలసట ఉన్నది, అమ్మాయి పరీక్ష చదువు చూడవలసి ఉన్నది. రేపు ఉదయమే వస్తాము అన్నాము. అయిదు నెలలుగా సంఘములో అందరూ వరద అంటుంటే, బండి లేదు అంటుంటే, మేము ఔనౌను అంటూ వచ్చాము. విధవరాలి రెండు వేలు కూడ ఆ ఔను మీదనే పెట్టెలో పడినవి.

తిరుగు ప్రయాణములో జిప్సీ శబ్దము ఎక్కువగుటచేత ఎవరూ మాటాడనవసరము లేకపోయింది. ఇల్లు చేరి సంగతి చెప్పితే మా సహధర్మచారిణి చాలాసేపు మౌనముగా ఉండి, "నాకూ తెలుసండీ. వాన తగ్గాక వెళ్దురులెండి అని ఆ రోజు అన్నది నేనే కదా" అన్నారు.

మరుసటి ఆదివారము మూడు సంఘములలోను ఈ సంగతి చెప్పివేశాము. బండి వద్దని, ఎందుకు వద్దో కూడ. అందరూ మెచ్చుకున్నారని అనుకోవద్దు. రెండవ సంఘములో ఒక పెద్దాయన, "మీ తప్పుకి మా రోగులేం చేశారండీ, బండి కొనండి" అని గట్టిగానే అడిగారు. ఒక యౌవనస్థుడు నెల దినములు ఆరాధనకు రాలేదు. మరొక పెద్దాయన, ప్రభువు ఎక్కిన గాడిద కూడ అరువు తెచ్చినదే గదా, మనము కూడ అవసరానికి ఎవరి బండైనా అడుగుదాము అని అందరినీ నవ్వించారు. అడ్వాన్సు పదివేలలో వ్యాపారి ఏడువేలు తిరిగి ఇచ్చాడు. పోయిన మూడువేలు మేము జీతములో నుండి కట్టాము. నిధిలో ఎవరిది వారికి ఇచ్చివేస్తామంటే తీసుకున్నవారు నలుగురే. రొయ్యల షెడ్డు సహోదరి తీసుకోలేదు. "మీరే ఉంచండి, మా అత్త ఇంకా ఉంది" అన్నారు.

ఆ మాట మీదనే ఒక నిర్ణయము జరిగింది. మూడవ లంకలో మందిరము వెనుక ఉన్న గదికి రేకులు మార్చి, మరుగుదొడ్డి కట్టించుటకు నిధిలో కొంత వాడారు. మిగిలినది ముగ్గురు పెద్దల పేర బ్యాంకులో ఉన్నది. వానలు మొదలైనప్పటినుండి మేము శుక్రవారము వెళ్ళి సోమవారము వరకు అక్కడే ఉంటున్నాము. తుపాను హెచ్చరిక వస్తే ఏ వారమైనా ముందే వెళ్ళిపోతాము. ఇది పెద్ద త్యాగమేమీ కాదు. దోమలు విపరీతము, త్రాగే నీరు డబ్బాలలో తెచ్చుకోవలెను, పిల్లల భారమంతా ఏలూరులో మా ఇంటివారి మీద పడింది. వారమంతా ఎందుకు ఉండరని అడిగినవారు కూడ ఉన్నారు. పిల్లల చదువు అని చెబుతున్నాము. అది ఎంతవరకు నిజమో మేమే పరీక్షించుకొంటున్నాము.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము దగ్గర తీరము దాటినప్పుడు మేము లంకలోనే ఉన్నాము. పన్నెండు కుటుంబములు మందిరములోకి వచ్చినవి. కరెంటు పోయింది. గాలికి రేకులు లేచిపోతాయేమోనని మామ్మగారి కుమారుడు, మరి నలుగురు పడవ తాళ్ళు తెచ్చి కట్టారు. ఆ రాత్రి మేము చేసినదల్లా పిల్లలకు బిస్కెట్లు పంచుట, రొయ్యల షెడ్డు సహోదరి అత్తగారు చలికి వణుకుతుంటే ఆమె ప్రక్కన కూర్చుండుట. ఆమె మమ్మును తన తమ్ముడనుకొని తెల్లవారేవరకు ఎవరెవరో పాత మనుష్యుల సంగతులు చెబుతూనే ఉన్నారు. తెల్లవారి తొమ్మిది గంటలకు మాధవరము నుండి హవల్దారుగారు ఫోను చేసి, పడవలు సరిగా ఉన్నవా అని అడిగారు.

జిప్సీ సంగతి కూడ చెప్పి ముగిస్తాము. నవంబరులో ఒకనాడు మేమిద్దరము స్ప్లెండరు మీద భీమడోలు గేటు దగ్గర ఆగి ఉండగా అది మా ప్రక్కనే వచ్చి ఆగింది. ఎవరో చేపల చెరువులవారు కొన్నట్టున్నారు. తెల్లరంగు వేయించారు. మేము కలలు కన్న ఆ బల్లల మీద మేత బస్తాలు ఉన్నవి. గేటు తెరువగానే అది గుంతలు లెక్కచేయకుండ దూసుకొని పోయింది. మేము ఇంకా చూస్తూనే ఉన్నాము. వెనుకనుండి మా సహధర్మచారిణి భుజము మీద తట్టి, "ఏమండీ, గేటు తీశారు, పోనివ్వండి" అన్నారు.